సాలరీ మీద ఉన్నా ఓవర్‌టైమ్ వస్తుందమ్మా: కాలిఫోర్నియా స్టోర్‌లో మీ జీతం లెక్క

మీరు అడిగింది ఇదీ. హెచ్4 ఈఏడీ (హెచ్1బీ వాళ్ళ భార్యాభర్తలకు ఇచ్చే పని పర్మిట్) మీద శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఒక ఇండియన్ గ్రోసరీ స్టోర్‌లో 14 నెలలు పనిచేశారు. వారానికి ఆరు రోజులు, పొద్దున పది నుంచి రాత్రి ఎనిమిది దాకా, మధ్యాహ్నం తిండి కూడా కౌంటర్ దగ్గరే. నెలకు 3,900 డాలర్లు. ఓవర్‌టైమ్ సంగతి ఎత్తితే ఓనరు "నువ్వు స్టోర్ మేనేజర్‌వి, సాలరీ మీద ఉన్నావు, నీకు ఓవర్‌టైమ్ ఉండదు" అన్నాడు. విసుగొచ్చి చెప్పకుండా మానేశారు. తొమ్మిది రోజులైనా ఆఖరి జీతం రాలేదు. పైగా క్యాష్ రిజిస్టర్‌లో 420 డాలర్లు తక్కువొచ్చాయని, అవి కోసుకుంటానని అంటున్నాడు. టెక్సస్‌లోని ఆస్టిన్‌లో ఉన్న మీ కజిన్ "అమెరికాలో రూల్స్ అన్నీ ఓనర్ల వైపే, వదిలేయ్" అన్నాడు. కంప్లయింట్ ఇస్తే మీ వారి హెచ్1బీ వర్క్ వీసాకి ఏమైనా అవుతుందేమోనని మీ టెన్షన్.

ముందు జవాబు చెప్పేస్తాను. మీకు ఓవర్‌టైమ్ రావాలి. ఆఖరి జీతం ఈపాటికే చేతిలో ఉండాల్సింది, ఆలస్యం చేస్తున్నందుకు రోజు లెక్కన విడిగా పెనాల్టీ కూడా అడగొచ్చు. రిజిస్టర్ తక్కువొచ్చిందని జీతంలో కోసే హక్కు అతనికి లేదు. మీ వారి వీసాకీ దీనికీ సంబంధం లేదు.

నేను లాయర్ని కాదు. పదిహేడేళ్ళుగా ఈ రాష్ట్రంలో చిన్న వ్యాపారాలకు పేరోల్ (జీతాల లెక్కలు) చూస్తున్నాను. జీతాల గొడవల్లో లెక్కలు కట్టి హియరింగులకు వెళ్ళాను, ఒక్కోసారి ఓనరు పక్కన, ఒక్కోసారి పనిచేసినవాళ్ళ పక్కన. అందుకే ఈ డబ్బు ఎక్కడ పోతుందో నాకు బాగా తెలుసు. చట్టం లేనందువల్ల పోవడం లేదమ్మా. అడగక పోతోంది, అడిగేనాటికి చేతిలో కాగితం లేక పోతోంది.

ఆ "మేనేజర్" మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే మన దుకాణాల్లో, హోటళ్ళలో అందరూ చెప్పే మాట అదే. నెల జీతమంటే గంటల లెక్క ఉండదని ఓనర్లూ నమ్ముతారు, పనిచేసేవాళ్ళూ నమ్ముతారు. కాలిఫోర్నియా చట్టం మీ హోదా పేరు చూడదు, జీతం నెలకిస్తున్నారా గంటకిస్తున్నారా అనీ చూడదు. ముఖ్యంగా రెండు విషయాలు చూస్తుంది. ఒకటి డబ్బు. ఓవర్‌టైమ్ ఇవ్వక్కర్లేని మేనేజర్ అనిపించుకోవాలంటే, రాష్ట్ర కనీస వేతనంతో ఫుల్‌టైమ్ చేస్తే వచ్చేదానికి రెట్టింపు జీతం ఉండాలి. 2024లో కనీస వేతనం గంటకు 16 డాలర్లు కాబట్టి ఆ హద్దు ఏడాదికి 66,560. 2025లో 16.50 అయింది, హద్దు 68,640. 2026లో 16.90, హద్దు 70,304. మీకొచ్చేది ఏడాదికి 46,800. అతని వాదన ఇక్కడే పడిపోయింది. మీరు స్టోర్ మొత్తం ఒంటిచేత్తో నడిపి ఉన్నా సరే, జీతం ఆ హద్దు దాటకపోతే ఓవర్‌టైమ్ ఇవ్వాల్సిందే.

రెండోది పని. జీతం సరిపోయినా, రోజులో సగానికి పైగా నిజమైన మేనేజర్ పనే చేసి ఉండాలి. మనుషుల్ని తీసుకోవడం, షిఫ్టులు వేయడం, సొంతంగా నిర్ణయాలు తీసుకోవడం లాంటివి. మీరు రాసిన దాంట్లో నాకు కనిపించినవి బిల్లు కొట్టడం, బియ్యం బస్తాలు సర్దడం, కొత్తిమీర కట్టలు ఏరడం, రాత్రి తుడిచి తాళం వేయడం. తాళంచెవి మీ దగ్గర ఉన్నంత మాత్రాన మేనేజర్ అయిపోరు. "ఓవర్‌టైమ్ వద్దు" అని మీతో ఏదైనా కాగితం మీద సంతకం పెట్టించుకున్నా అది చెల్లదు. ఈ హక్కు వదులుకుంటానని ఒప్పుకున్నా చట్టం ఆ ఒప్పందాన్ని పట్టించుకోదు.

ఇక లెక్క. ఇది నెమ్మదిగా చదవండి, మీ కేసు మొత్తం ఇందులోనే ఉంది.

కాలిఫోర్నియాలో రోజుకు 8 గంటలు దాటినా, వారానికి 40 దాటినా ఒకటిన్నర రెట్లు. రోజుకు 12 దాటితే రెండు రెట్లు. మీకు నెలకు 3,900 అంటే ఏడాదికి 46,800, దాన్ని 52తో భాగిస్తే వారానికి 900. ఇప్పుడు దాన్ని 60 గంటలతో భాగించి "గంటకు 15" అంటాడు మీ ఓనరు. అలా కుదరదు. లేబర్ కోడ్ 515వ సెక్షన్ ప్రకారం ఇలాంటి జీతం మామూలు గంటలకు మాత్రమే, అంటే వారానికి 40కే. 900ని 40తో భాగించాలి. మీ గంట రేటు 22.50. ఒకటిన్నర రెట్లంటే 33.75. మీరు వారానికి 60 గంటలు చేశారు, 20 గంటలు ఓవర్‌టైమ్. వారానికి 675 డాలర్లు. 14 నెలలంటే దాదాపు 60 వారాలు. 40,500 డాలర్లు. మీరు సెలవు పెట్టిన వారాలు, షిఫ్టు తగ్గిన రోజులు ఇందులోంచి తీసేయాలి. అది నిజాయితీగా తీసేయండి, హియరింగ్‌లో మీ మాట నిలబడేది దానివల్లే.

దీపావళి ముందు వారాల్లో ఏడు రోజులూ వెళ్ళానని ఒక చోట రాశారు. పే వారంలో (ఓనరు జీతానికి లెక్కేసే ఏడు రోజుల వారంలో) వరసగా ఏడో రోజు పనిచేస్తే మొదటి 8 గంటలకు ఒకటిన్నర, ఆ పైన రెండు రెట్లు. మీ రేటుతో ఆ ఒక్క రోజు 10 గంటలకు 360 డాలర్లు. ఆ వారాలు విడిగా రాసుకోండి.

మీ కజిన్ అబద్ధం చెప్పలేదు, అతను తన రాష్ట్రం సంగతి చెప్పాడు. అమెరికా మొత్తానికీ 1938 నాటి ఫెడరల్ చట్టం ఒకటుంది. దాని ప్రకారం వారానికి 40 దాటితేనే ఓవర్‌టైమ్, రోజు లెక్క లేదు. కనీస వేతనం 7.25 డాలర్లు, 2009 జూలై నుంచి ఒక్క సెంటు పెరగలేదు. టెక్సస్ ఆ 7.25నే పాటిస్తుంది. జార్జియా చట్టంలోనైతే ఇప్పటికీ 5.15 అనే రాసి ఉంది, ఫెడరల్ చట్టం వర్తించే ఉద్యోగాలకు అక్కడా 7.25 ఇవ్వాలి. ఫెడరల్ చట్టం కింది మెట్టు మాత్రమే. రాష్ట్రం అంతకంటే ఎక్కువ ఇస్తే ఆ ఎక్కువే మీకు వర్తిస్తుంది. కాలిఫోర్నియాలో ఇంకో మెట్టు కూడా ఉంది. శాన్ ఫ్రాన్సిస్కో, శాన్ హోజే, సన్నీవేల్ లాంటి ఊళ్ళకు సొంత కనీస వేతనం ఉంది, రాష్ట్రానిదానికంటే ఎక్కువ. మీ స్టోర్ ఏ ఊరి హద్దులో ఉందో చూడండి.

తేడా ఎంతో మీ కేసులోనే చూపిస్తాను. ఇదే ఉద్యోగం టెక్సస్‌లో చేసి ఉంటే, "ఈ 900 ఆ 60 గంటలకూ అనే మాట్లాడుకున్నాం" అని ఓనరు నిరూపించగలిగితే, గంట రేటు 15 అవుతుంది. 60 గంటలకూ ఆ 15 ఇచ్చేసినట్టే లెక్క, ఓవర్‌టైమ్ గంటలకు ఇంకా ఇవ్వాల్సింది సగం రేటు, 7.50. వారానికి 150 డాలర్లు. ఇక్కడ 675. అందుకే వేరే రాష్ట్రంలో ఉన్నవాళ్ళ సలహా జీతాల విషయంలో పనికిరాదు. గడువులు కూడా వేరే. టెక్సస్‌లో రాష్ట్ర ఏజెన్సీకి జీతం క్లెయిమ్ వేయడానికి ఇచ్చేది 180 రోజులే, న్యూజెర్సీలో ఆరేళ్ళ దాకా వెనక్కి వెళ్ళొచ్చు.

భోజనం విషయం మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు, కానీ అందులో పెద్ద మొత్తమే ఉంది. 5 గంటలకు మించి పనిచేస్తే ఐదో గంట ముగిసేలోపు 30 నిమిషాల భోజన విరామం మొదలవ్వాలి. ఆ అరగంట మీ మీద ఏ పనీ ఉండకూడదు, బయటికి వెళ్ళే స్వేచ్ఛ ఉండాలి. ఒక చేత్తో పెరుగన్నం, ఇంకో చేత్తో స్కానర్ అంటే అది విరామం కాదు. పది గంటల షిఫ్టులో ఇది కాక పది నిమిషాల రెస్ట్ బ్రేకులు రెండు ఇవ్వాలి, వాటికి జీతం కోయకూడదు. భోజన విరామం ఇవ్వని రోజుకు ఒక గంట జీతం, రెస్ట్ బ్రేక్ ఇవ్వని రోజుకు ఇంకో గంట జీతం అదనంగా రావాలి. మీకు రోజుకు 45 డాలర్లు, వారానికి 270, అరవై వారాలకు 16,200. "కస్టమర్లు లేనప్పుడు కూర్చునేదానివి కదా" అంటాడు. కౌంటర్ వదలడానికి వీల్లేకుండా కూర్చోవడం విశ్రాంతి కిందికి రాదు.

ఆఖరి జీతం. ఓనరే తీసేస్తే ఆ క్షణమే మొత్తం ఇచ్చేయాలి. మీరు 72 గంటల ముందు చెప్పి మానేస్తే ఆఖరి రోజున ఇవ్వాలి. మీలాగా చెప్పకుండా మానేస్తే 72 గంటల్లోపు. వాడని వెకేషన్ ఉంటే అది కూడా జీతమే, డబ్బుగా ఇవ్వాలి. "వాడకపోతే పోయింది" అనే పద్ధతి ఈ రాష్ట్రంలో చెల్లదు. కావాలని ఇవ్వకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకీ ఒక రోజు జీతం చొప్పున, గరిష్ఠంగా 30 రోజుల దాకా పెనాల్టీ. క్యాలెండర్ రోజులు, పనిదినాలు కాదు. మీకు 8 గంటల లెక్కనే చూసినా రోజుకు 180, ముప్పై రోజులకు 5,400. ఇక్కడ ఓనరుకు ఒక వాదన ఉంది: నిజంగా అనుమానం ఉండి ఇవ్వలేదు, మోసం చేయాలని కాదు అని. ఓవర్‌టైమ్ గురించి ఆ మాట అనొచ్చేమో. పనిచేసిన ఆఖరి రోజుల మామూలు జీతం గురించి అనలేడు.

చెక్ ఇస్తూ "అన్నీ ముట్టాయి, ఇక ఏమీ అడగను" అనే కాగితం ముందు పెడితే సంతకం చేయకండి. రావాల్సిన జీతం ఇవ్వడానికి అలాంటి సంతకం అడగడమే చట్టవిరుద్ధం. పెట్టినా అది చెల్లదు, కానీ దాన్ని చెల్లదని నిరూపించే తలనొప్పి మీకెందుకు. చెక్‌లో తక్కువ ఉన్నా బ్యాంకులో వేసుకోవచ్చు, మిగతాది అడిగే హక్కు పోదు.

ఆ 420 డాలర్లు: రిజిస్టర్ తక్కువ రావడం, సీసా పగలడం, లెక్క తప్పడం వ్యాపారంలో జరిగేవే, ఆ నష్టం ఓనరుదే. మీరు దొంగతనం చేశారనో, కావాలని చేశారనో, ఘోరమైన నిర్లక్ష్యం అనో అతను చూపించగలిగితే తప్ప జీతంలో ముట్టుకోకూడదు. ముగ్గురు వాడే ఒకే డ్రాయర్‌లో అది చూపించడం అయ్యే పని కాదు.

పే స్టబ్‌ల (జీతం చీటీల) మీద గంటలు ఉండవు, "సాలరీ" అని ఒక అంకె ఉంటుంది అన్నారు. మీలాంటి ఉద్యోగికి పనిచేసిన గంటలు, రేటు చూపించకపోవడం మీద విడిగా పెనాల్టీ ఉంది. మొదటి పే పీరియడ్‌కు (జీతం విడతకు) 50 డాలర్లు, తర్వాత ఒక్కోదానికి 100, మొత్తం 4,000 దాటకుండా. దీని గడువు మాత్రం ఒక్క ఏడాదే. అంటే మీరు చేరిన మొదటి రెండు నెలల స్టబ్‌లు ఇప్పటికే చేజారాయి. ఓవర్‌టైమ్‌కు, బ్రేకుల డబ్బుకు మూడేళ్ళుంది, కోర్టుకు వెళ్తే నాలుగేళ్ళ దాకా వెనక్కి వెళ్ళే దారి ఉంది. మీకు టైమ్ ఉంది. అలాగని కూర్చోవద్దు, ఎందుకో చెబుతాను.

నేను ఈ దేశం వచ్చిన కొత్తలో ఒక మోటెల్ ఫ్రంట్ డెస్క్‌లో చేశాను. పని చేసే పర్మిషన్ నాకుంది, అన్నీ సక్రమంగానే ఉన్నాయి. ఓనరు మన తెలుగువాళ్ళే. పండగలకి ఇంటికి పిలిచి భోజనం పెట్టేవాళ్ళు, నేను వాళ్ళావిడని వదినా అని పిలిచేదాన్ని. రాత్రి డ్యూటీ పన్నెండు గంటలు, జీతం కవర్లో క్యాష్. మా బాబు పుట్టే ముందు మానేస్తే రెండు వారాల జీతం "తర్వాత చూద్దాంలే" అన్నారు. నేను అడగలేదు. వదినని ఎలా అడుగుతాం? నాలుగేళ్ళ తర్వాత పేరోల్ ట్రైనింగ్‌లో కూర్చుని, రోజుకు 8 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లని మొదటిసారి విన్నాను. ఆ రాత్రి ఇంటికొచ్చి లెక్క వేశాను. గడువు దాటిపోయింది. ఏ రోజు ఎన్ని గంటలు చేశానో చూపించడానికి ఒక చిన్న చీటీ కూడా నా దగ్గర లేదు. ఆ డబ్బు అప్పట్లో మా ఇంటి నాలుగైదు నెలల అద్దె. "మనవాళ్ళే కదా" అని నోరు మూసుకున్నందుకు బాధ పడ్డాను. మీరు మీ ప్రశ్నలో ఆ మాట రెండుసార్లు రాశారు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

కాబట్టి ఈ రాత్రే ఒక నోట్‌బుక్ తీసి, చేరిన తేదీ నుంచి వారం వారం రాయండి. గుర్తున్నంత వరకు చాలు. గంటల రికార్డు పెట్టడం ఓనరు బాధ్యత, మీది కాదు. అతను పెట్టకపోతే మీరు చెప్పే సబబైన అంచనాని తీసుకోవాలని అమెరికా సుప్రీంకోర్టు 1946లోనే చెప్పింది. రికార్డు లేకపోవడం వల్ల లాభం ఓనరుకు రాకూడదన్నది దాని వెనక ఉన్న ఆలోచన. కానీ "రోజూ పది గంటలు చేశాను" అని ఊరికే అంటే ఒక విలువ, పక్కన ఆధారం పెట్టి అంటే ఇంకో విలువ. మీ ఫోన్లోనే చాలా ఉంది. "రేపు తొమ్మిదిన్నరకే రా, లోడ్ వస్తోంది" అన్న వాట్సాప్ మెసేజ్‌లు. రాత్రి ఎనిమిదింటికి మీ వారికి పెట్టిన "ఇప్పుడే మూశాను" అన్న మెసేజ్‌లు. గూగుల్ మ్యాప్స్ టైమ్‌లైన్ ఆన్‌లో ఉంటే ఏ రోజు స్టోర్‌లో ఎంతసేపున్నారో అదే చెబుతుంది. గోడకు అంటించిన షెడ్యూల్ ఫొటో ఉంటే బంగారం. అన్నీ ఒక చోటికి కాపీ చేసుకోండి, ఫోన్ మార్చేముందు మరీ జాగ్రత్త. స్టోర్ కాగితాలు, సప్లయర్ల బిల్లులు మాత్రం తెచ్చుకోకండి, అవి మీవి కావు. ఓనరుతో ఫోన్ మాట్లాడి రహస్యంగా రికార్డ్ చేయకండి. అవతలి మనిషి ఒప్పుకోకుండా ప్రైవేటు సంభాషణ రికార్డ్ చేయడం ఈ రాష్ట్రంలో నేరం. ఏం చెప్పాలన్నా రాతలో చెప్పండి.

రాతలో మొదట అడగాల్సింది డబ్బు కాదు, రికార్డులు. "నా పేరోల్ రికార్డుల కాపీ ఇవ్వండి" అని ఈమెయిల్ చేస్తే 21 రోజుల్లో ఇవ్వాలి, ఇవ్వకపోతే దానికే 750 డాలర్ల పెనాల్టీ. నేను చూసిన కేసుల్లో చాలావాటిలో ఓనరు మెత్తబడేది ఇక్కడే. ఆ ఈమెయిల్ తీసుకుని తన అకౌంటెంట్ దగ్గరికి వెళ్తాడు, ఆ అకౌంటెంట్ పైన నేను రాసిన లెక్కే అతనికి చెబుతాడు.

అప్పటికీ కదలకపోతే లేబర్ కమిషనర్ ఆఫీసులో క్లెయిమ్ వేయండి. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, ఫారం ఆన్‌లైన్లో నింపొచ్చు. తెలుగు ఇంటర్‌ప్రిటర్ కావాలంటే ఫారం మీదే చెప్పండి, వాళ్ళే ఉచితంగా ఏర్పాటు చేస్తారు. ఇంగ్లీష్ బాగానే వచ్చినా తీసుకోవడం మంచిది. జీతం గురించి మాట్లాడేటప్పుడు గొంతు పూడుకుపోయి, వచ్చిన మాటలు కూడా మర్చిపోయినవాళ్ళను చూశాను. సాధారణంగా ముందు ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ ప్రయత్నం చేస్తారు. అక్కడ ఓనరు "ఐదు వేలిస్తా, ఇప్పుడే ముగిద్దాం" అంటాడు. మీ లెక్క చేతిలో ఉంటేనే ఆ ఐదు వేలు ఎంత తక్కువో తెలుస్తుంది. కుదరకపోతే హియరింగ్. ప్రమాణం చేయిస్తారు, ఇద్దరి మాటా రికార్డ్ చేస్తారు, అధికారి తర్వాత రాతపూర్వకంగా తీర్పు పంపుతారు. బాకీ జీతం మీద ఏడాదికి 10 శాతం వడ్డీ కూడా కలుస్తుంది. ఓనరు అప్పీలు చేసుకోవాలంటే తీర్పులో వచ్చిన మొత్తానికి ముందు బాండ్ (హామీ) కట్టాలి. ఊరికే సాగదీయకుండా ఆపేది ఆ షరతే.

ఒక విషయం దాచను. ఇది త్వరగా తేలదు. ఈ ఆఫీసులో క్లెయిములు పేరుకుపోయి రెండేళ్ళు దాటుతున్నాయని 2024లో రాష్ట్ర ఆడిటరే తప్పుపట్టారు. మీ మొత్తం యాభై వేలు దాటుతోంది కాబట్టి ఒక ఉద్యోగుల లాయర్‌తో కూడా మాట్లాడండి. ఓవర్‌టైమ్ కేసు కోర్టులో గెలిస్తే లాయర్ ఫీజు ఓనరే కట్టాలి, అందుకని ముందు డబ్బు తీసుకోకుండా కేసు పట్టేవాళ్ళు దొరుకుతారు. శాన్ ఫ్రాన్సిస్కోలోని లీగల్ ఎయిడ్ ఎట్ వర్క్ అనే సంస్థ ఉద్యోగుల హక్కుల మీద ఉచితంగా సలహా ఇస్తుంది. నన్నడిగితే ముందు అక్కడ మాట్లాడి, ఆ తర్వాతే కమిషనరా కోర్టా అన్నది తేల్చుకోండి. "స్టోర్ మూసేసి వేరే పేరుతో తెరుస్తా" అన్నాడని రాశారు కదా. కంపెనీ పేరు మారినంత మాత్రాన తప్పించుకోలేడు. ఓవర్‌టైమ్ ఎగ్గొట్టిన ఓనరును వ్యక్తిగతంగా కూడా బాధ్యుణ్ణి చేసే సెక్షన్ ఉంది. క్లెయిమ్‌లో కంపెనీ పేరుతో పాటు అతని పేరూ రాయండి.

వీసా సంగతి. జీతం క్లెయిమ్ సివిల్ వ్యవహారం. మీరు ఈఏడీ మీద సక్రమంగా పనిచేశారు, మీ వారి ఉద్యోగం వేరే కంపెనీలో. ఈ క్లెయిమ్ వల్ల ఆయన హెచ్1బీ గానీ మీ హెచ్4 గానీ మారదు. లేబర్ కమిషనర్ ఆఫీసు ఇమిగ్రేషన్ స్టేటస్ అడగదు కూడా. కాలిఫోర్నియాలో జీతం హక్కులు స్టేటస్‌తో సంబంధం లేకుండా అందరికీ ఒకటే. ఓనరు "ఇమిగ్రేషన్‌కు ఫోన్ చేస్తా" అని బెదిరిస్తే ఆ బెదిరింపే ఇంకో చట్ట ఉల్లంఘన. ఆ మెసేజ్ తీసేయకండి, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఇది చదివే స్టూడెంట్లకు ఒక మాట. క్యాంపస్ బయట పర్మిషన్ లేకుండా పనిచేసినా చేసిన పనికి జీతం అడిగే హక్కు మీకుంది. కానీ ఆ పని మీ ఎఫ్1 స్టేటస్‌ను ఏం చేస్తుందన్నది వేరే ప్రశ్న, అది నిజంగా ప్రమాదమే. క్లెయిమ్ వేసేముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను తప్పకుండా కలవండి. కన్సల్టెన్సీల్లో హెచ్1బీ మీద ఉండి "ప్రాజెక్ట్ లేదు, బెంచ్ మీద జీతం ఉండదు" అని విన్నవాళ్ళకు: కంపెనీ దగ్గర పని లేక ఖాళీగా ఉంచితే జీతం ఆపకూడదు, అది ఫెడరల్ రూల్. ఆ కంప్లయింట్ వెళ్ళేది ఫెడరల్ లేబర్ డిపార్ట్‌మెంట్‌కు, గడువు 12 నెలలు.

ఆ స్టోర్‌లో ఇంకా పనిచేస్తున్న ఇద్దరమ్మాయిలు మీకు సాక్ష్యం చెప్పడానికి భయపడుతున్నారని రాశారు. వాళ్ళను బలవంతం చేయకండి. ఈ రెండు విషయాలు మాత్రం చెప్పండి. జీతం గురించి అడిగినందుకో, సాక్ష్యం చెప్పినందుకో 90 రోజుల్లోపు తీసేసినా, గంటలు కోసినా అది కక్షసాధింపేనని చట్టం ముందుగా అనుకుంటుంది, కాదని కారణం చూపించాల్సింది ఓనరు. 2024 జనవరి నుంచి ఈ రూల్ ఉంది. అలాగే ఆ నెల నుంచే ఏడాదికి కనీసం 40 గంటలు, అంటే ఐదు రోజులు జీతంతో సిక్ లీవ్ ఇవ్వాలి, పార్ట్‌టైమ్ వాళ్ళకు కూడా. జ్వరంతో బిల్లింగ్ చేసిందని మీరు రాసిన ఆ అమ్మాయికి ఇది తెలిసి ఉండదు.

రికార్డుల కోసం ఈమెయిల్ మూడు వాక్యాలు చాలు. "నేను ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మీ దగ్గర పనిచేశాను. లేబర్ కోడ్ 226 ప్రకారం నా పేరోల్ రికార్డుల కాపీలు 21 రోజుల్లో పంపండి. నా ఆఖరి జీతం ఈ అడ్రసుకు మెయిల్ చేయండి." దీన్ని ఇంగ్లీషులో రాయండి. కోపం, బాధ, 420 గురించి వాదన ఏవీ అందులో పెట్టకండి. పంపాక తేదీ నోట్‌బుక్‌లో రాసుకోండి. అతని నుంచి ఏ జవాబొచ్చినా పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి, తర్వాత ఏం చేయాలో చూసి చెబుతాను.